ప్యాషన్ ఫ్లవర్ తీగల్లో ఏది పెట్టాలి? ముందు మీ చలికాలాన్ని అడగండి

ఈ పువ్వు ఫొటో ఒకసారి చూస్తే ఇక మొక్క కొనకుండా ఉండటం కష్టం. నేనూ ఉండలేకపోయాను. నిప్పురవ్వ లాంటి ఎర్ర పువ్వు బొమ్మ చూసి మొక్క తెప్పించుకున్నాను. ఎండలున్నన్నాళ్లూ గోడంతా పాకింది, నాలుగు పూలు పూసింది. తర్వాత చలికాలంలో రెండు రాత్రులు గట్టిగా చలి వేసింది. మూడో రోజు పొద్దున చూస్తే ఆకులన్నీ ఉడికించిన ఆకుకూరలా వాలి ఉన్నాయి. మళ్లీ లేవలేదు. అందులో మొక్క తప్పేం లేదు. చలి అంటే ఏమిటో తెలియని అడవుల్లో పుట్టిన జాతి అది. దాని చలికాలం ఎక్కడ గడుస్తుందని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అప్పటి నుంచి నా లెక్క తిరగబడింది. ముందు చలికాలం, ఆ తర్వాత చోటు, రంగు సంగతి అన్నిటికన్నా ఆఖర్న. తీగ బతికి బయటపడటం ఒక్కటే కాదు, వచ్చే ఏడాది అది ఎప్పుడు పూస్తుంది, ఎంత పూస్తుంది అన్నది కూడా చలికాలం ఎలా గడిచిందన్న దాని మీదే ఆధారపడుతుంది.

పేరు దగ్గరే మొదటి చిక్కు. మనం దీన్ని కౌరవ పాండవ పువ్వు అంటాం, కృష్ణకమలం అంటాం, రాఖీ పువ్వు అంటాం. చుట్టూ ఉన్న సన్నని పోగులు వందమంది కౌరవులు, నడుమ ఐదు పుప్పొడి తిత్తులు పాండవులు. స్పెయిన్ నుంచి అమెరికా ఖండాలకు వెళ్లిన మతప్రచారకులు అవే పోగుల్లో క్రీస్తు తల మీది ముళ్ల కిరీటాన్ని, ఐదు తిత్తుల్లో ఐదు గాయాలను, పైనున్న మూడు కీలాగ్రాల్లో మూడు మేకులను చూశారు. ప్యాషన్ అన్న మాటకు ఇక్కడ అర్థం మోజు కాదు, క్రీస్తు పడ్డ బాధ. జపాన్ వాళ్లకేమో ఇందులో గడియారం కనిపించింది. కథలు బాగానే ఉన్నాయి కానీ, మొక్క కొనేటప్పుడు ఈ పేర్లేవీ పనికిరావు. ఈ తీగలన్నీ చేరే పాసిఫ్లోరా ప్రజాతిలో 500కు పైగా జాతులున్నాయి. మైనస్ డిగ్రీల్లో బతికేదాన్నీ, 10 డిగ్రీలకే వణికిపోయేదాన్నీ ఒకే పేరుతో అమ్మేస్తారు. కాబట్టి శాస్త్రీయ నామం అడిగి కొనండి. అది చెప్పలేకపోతే కనీసం ఆకులు చూడండి. ఎలా చూడాలో దారిలో చెప్తాను.

మీ చలి ఎంత?

పగటి ఉష్ణోగ్రతతో పని లేదు. చలికాలంలో తెల్లవారుజామున పడే అతి తక్కువ అంకె కావాలి. అది ఎప్పుడూ 10 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగకపోతే మీకు దాదాపు అన్ని రకాలూ పనికొస్తాయి. పదికీ సున్నాకీ మధ్య ఊగుతూ ఏడాదిలో ఒకటి రెండు రాత్రులు సున్నాను తాకే చోట ఎంపిక సగానికి సగం తగ్గిపోతుంది. నీళ్లు గడ్డకట్టడం మామూలైన చోట బయట నేలలో బతికేవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తక్కినవన్నీ కుండీలో పెంచి చలికి లోపలికి తెచ్చుకోవాల్సినవే.

ఇక్కడొక మాట. చాలాసార్లు తీగను చంపేది ఒట్టి చలి కాదు, చలీ తడీ కలవడం. నీళ్లు నిలిచే బంకమట్టిలో మైనస్ 3కే కుళ్లిపోయిన వేరు, గోడ వారన నీళ్లు ఇంకిపోయే ఇసుక నేలలో మైనస్ 8ని కూడా దాటేస్తుంది. అందుకే ఫలానా రకం ఇన్ని డిగ్రీలు తట్టుకుంటుందని ఎవరు చెప్పినా, నేల పొడిగా ఉంటే అన్న షరతు తోడు చేసుకుని వినండి.

గడ్డకట్టే చలిలో: సెరూలియానా, ఇన్‌కార్నేటానా?

నిజమైన పోటీ ఈ రెండిటి మధ్యే. రెండూ చలికి ఓర్చుకుంటాయి కానీ, ఓర్చుకునే పద్ధతి ఒకటి కాదు. ఆ తేడా తెలియక ఒకదానికి చేయాల్సిన సేవ రెండోదానికి చేసి పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

పాసిఫ్లోరా సెరూలియా దక్షిణ అమెరికా దిగువ భాగానిది. తెల్లని రేకుల మీద నీలం, తెలుపు, ఊదా వరసలుగా పోగులుండే పువ్వు. ఎక్కువ ఫొటోల్లో మీరు చూసేది ఇదే. ఆకు అరచేయి విప్పినట్టు ఐదు పాయలుగా ఉంటుంది. చలి ఒక మోస్తరుగా ఉన్న చోట ఆకు రాల్చకుండానే ఏడాది గడిపేస్తుంది. మైనస్ 5 నుంచి మైనస్ 10 దాకా వెచ్చని గోడ అండ ఉంటే నిలబడుతుంది. చలి మరీ ముదిరితే పైతీగ ఎండిపోయినా, వేరు బతికుంటే అడుగు నుంచి మళ్లీ చిగురేస్తుంది. ఊపు అందుకుంటే పది మీటర్ల దాకా పాకగలదు కాబట్టి చిన్న పందిరి మీద పెట్టి తర్వాత బాధపడొద్దు. నారింజ రంగు కాయలు కాస్తుంది. చూడటానికే బాగుంటాయి, పండాక తిన్నా రుచీ పచీ ఉండదు. తెలుపు ఇష్టమైతే ఇందులోనే కాన్‌స్టన్స్ ఎలియట్ అనే రకం ఉంది.

పాసిఫ్లోరా ఇన్‌కార్నేటా, వాడుకలో మేపాప్, అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ భాగంలో పొలం గట్ల మీద తనంతట తానే పెరిగే తీగ. టెన్నెసీ రాష్ట్ర అధికారిక అడవిపువ్వుల్లో ఇదీ ఒకటి. లేత ఊదా రంగులో, కుచ్చులు కుచ్చులుగా మెలితిరిగిన పోగులతో ఉంటుంది. నా కంటికి సెరూలియా కన్నా ఇదే అందం. ఆకుకు మూడు పాయలు. ఇది చలితో పోరాడదు. చలి రాగానే నేల మీద ఉన్నదంతా ఎండబెట్టేసుకుని వేరులో దాక్కుంటుంది. ఆ వేరు లోతుగా ఉండి, పైన ఎండుటాకుల పొర మందంగా ఉంటే మైనస్ 20 దగ్గర కూడా బతుకుతుంది.

మరి ఇబ్బందులు? మేపాప్ వేర్ల నుంచి పిలకలు లేస్తాయి, అదీ తల్లి మొక్కకు దూరంగా, మీరు అస్సలు అనుకోని చోట. పచ్చిక మధ్యలో లేస్తుంది, దారి రాళ్ల సందులో లేస్తుంది. చిన్న తోటలో ఇది పెద్ద తలనొప్పి. నేలలో రేకు గానీ, అడుగు తీసేసిన పెద్ద డబ్బా గానీ పాతి అందులో నాటితే కొంతవరకు ఆగుతుంది, పూర్తిగా ఆగదు. రెండో సంగతి, దీని పుప్పొడి దానికే పనికిరాదు. కాయ కావాలంటే వేరే విత్తనం నుంచి వచ్చిన మరో మొక్క పక్కన ఉండాలి. ఒకే తీగ నుంచి తీసిన రెండు కటింగులు పక్కపక్కన నాటి కాయలు రావడం లేదని వాపోతే లాభం లేదు. అవి రెండు మొక్కలుగా కనిపించే ఒకే మొక్క.

నన్నడిగితే, ఏడాదంతా పచ్చగా కప్పి ఉండే గోడ కావాలంటే సెరూలియా. చలికాలంలో ఆ చోటు ఖాళీగా కనిపించినా పర్లేదు, పిలకలు తిరగడానికి స్థలం ఉంది, చలి మాత్రం భయంకరం అంటే మేపాప్. ఇన్‌సెన్స్ అనే సంకర రకం 1973లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకుల దగ్గర నుంచి వచ్చింది. మేపాప్‌నూ, సింసినాటా అనే దక్షిణ అమెరికా జాతినీ కలిపి చేశారు. ముదురు ఊదా పువ్వు, మంచి వాసన, తల్లి నుంచి వచ్చిన చలి ఓర్పు, దాంతోపాటు ఆ పిలకల గోల కూడా. లూటియా అని పసుపు పూల బుల్లి జాతి ఒకటుంది, చలికి గట్టిదే. కానీ పువ్వు చిన్న నాణెమంత ఉంటుంది. అది సేకరించేవాళ్ల మొక్క, అలంకారానికి కాదు.

అప్పుడప్పుడు సున్నా తాకే చోట

ఇక్కడ ప్రశ్న పువ్వా, పండా అన్నది.

పువ్వే కావాలంటే బెలోటీ అనే సంకర రకం ఉంది, పాత పేరు అలాటోసెరూలియా. అలాటా, సెరూలియా కలిస్తే వచ్చింది. అరచేయంత పువ్వు, లేత గులాబీ ఊదా రంగు, దగ్గరికెళ్తే చక్కటి వాసన. కాయ కాయదు. కాయల మీద శక్తి ఖర్చు పెట్టదు కాబట్టి పూస్తూనే పోతుందని నా అనుభవం. తేలికపాటి చలిని తట్టుకుంటుంది, గడ్డకట్టే చలిని బయట ఓర్చుకోలేదు. కుండీలో పెంచడానికి అమెథిస్ట్ అనే ఊదా రకం ఇంకా అణకువగలది. సన్నని తీగ, పిలకల బాధ లేదు, వేసవంతా పూస్తుంది. రాత్రి 5 డిగ్రీలకు దిగకముందే లోపలికి తేవాలి.

పండు కోసమైతే పాసిఫ్లోరా ఎడ్యులిస్. ఇందులో ఊదా తొక్క రకమా, పసుపు తొక్క రకమా అన్నది తేల్చుకోవాలి. ఊదా రకం చల్లని ఎత్తు ప్రాంతాలకు నచ్చే మొక్క, తేలికపాటి చలి పరవాలేదు, తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. ఒక్క తీగ చాలు. పసుపు రకం వేడి కోరుకుంటుంది, మట్టిలోని నులిపురుగులనూ వేరు తెగుళ్లనూ బాగా తట్టుకుంటుంది, కానీ కాయకు రెండో తీగ కావాలి. ఇంకో తేడా తమాషాగా ఉంటుంది. ఊదా రకం పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటే, పసుపు రకం పువ్వు మధ్యాహ్నం వేళ విచ్చుకుంటుంది. పొద్దున్నే పుప్పొడి రుద్దుదామని బ్రష్ పట్టుకుని పసుపు తీగ దగ్గర నిలబడి, మూసుకున్న మొగ్గలు చూసి టెన్షన్ పడకండి. భోజనం చేసి రండి. ఆ పని తోటలో నల్ల తుమ్మెదలు ఉంటే మీకు తప్పుతుంది. ఈ పువ్వు కొలత తుమ్మెద వీపుకు సరిగ్గా సరిపోతుంది, చిన్న తేనెటీగలు తిత్తులకు తగలకుండానే కింద నుంచి తేనె తాగి పోతాయి.

ఎడ్యులిస్ కొనేటప్పుడు ఒక మోసం లాంటి సంగతి ఉంది. ఎవరూ కావాలని చేసే మోసం కాదు. ఊదా పండు రకాన్ని తరచు మరో జాతి వేరు మీద అంటుకట్టి అమ్ముతారు. ఆ వేరు కొన్నిచోట్ల సెరూలియాది. పైభాగం చలికో తెగులుకో చచ్చిపోతే, కింది వేరు హాయిగా పిలకలు వేస్తుంది. మొక్క బతికిందని మురిసిపోయి నీళ్లు పోస్తాం. మరుసటి ఏడు నీలం పూలు, చప్పటి నారింజ కాయలు. పండు తీగ మారిపోయిందని అప్పుడంటాం. అది మారలేదు, ఎప్పుడో పోయింది. ముదిరిన ఎడ్యులిస్ ఆకుకు మూడు పాయలు, నిగనిగలాడుతుంది. సెరూలియాకు ఐదు. అంటు కిందనుంచి ఐదు పాయల ఆకు కనిపిస్తే అప్పుడే మొదలంటా పెరికేయండి, కత్తిరించడం కాదు. కత్తిరిస్తే రెండు లేస్తాయి.

చలి ఎరగని చోట

అదృష్టవంతులు, ఎక్కువ చెప్పాల్సిందేం లేదు. విటిఫోలియా, కాక్సీనియా, రాసిమోసా లాంటి ఎర్ర పూల తీగలు మీవి. 10 డిగ్రీల కిందికి దిగితే అవి ముఖం మాడ్చుకుంటాయి. ఎర్ర పూలన్నీ తేనెపిట్టల్లాంటి హమ్మింగ్‌బర్డ్‌ల కోసం తయారైనవి కాబట్టి ఆ పిట్టలు లేనిచోట కాయలు ఆశించకండి. పువ్వు మాత్రం వాటితో నిమిత్తం లేకుండా పూస్తుంది. క్వాడ్రాంగులారిస్ అనే పలకల కాండం తీగ అడుగు పొడవు కాయ కాస్తుంది. దానికి గట్టి పందిరి, నిలకడైన వేడి, తరచు చేత్తో పుప్పొడి సాయం కావాలి. అంతా ఉంటే పెట్టండి, ఏ ఒక్కటి లేకపోయినా వద్దు.

ఏ చోటికైనా వర్తించే హెచ్చరిక ఒకటి. ఈ ప్రజాతిలో కొన్ని పరాయి నేలలో కలుపుగా మారాయి. అరటికాయ ఆకారపు పండ్లు కాసే టార్మినియానా హవాయి, న్యూజిలాండ్ అడవుల్లో చెట్లను కప్పేసి కూర్చుంది. మీ ప్రాంతంలో ఏ జాతి నిషేధమో కొనేముందు చూసుకోండి.

విత్తనమా, కటింగా?

పూల కోసమైతే కటింగే. పూసిన తీగ నుంచి తీసిన కొమ్మకు పూసే వయసు అప్పటికే వచ్చి ఉంటుంది. రెండు మూడు కణుపులుండే బారెడు లేతా ముదురూ కాని ముక్క... బారెడు అంటే మరీ ఎక్కువ, జానెడు చాలు. కింది కణుపు మట్టిలో, పై ఆకు సగానికి కత్తిరించి, తేమ నిలిచేలా పైన కవరు కప్పితే మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. వసంతంలో వేరు పడిన కటింగు చాలా రకాల్లో అదే ఏడు పూస్తుంది.

విత్తనం మీద నాకు పెద్దగా మోజు లేదు. పండులోంచి తీసి కడిగి వెంటనే వేస్తే కొన్ని వారాల్లో మొలుస్తుంది. ప్యాకెట్‌లో ఎండి ముదిరిన విత్తనమైతే నెలలు పట్టొచ్చు, మొలవకపోనూవచ్చు. మొలిచినదీ ఒకటి రెండేళ్లు ఆకులే చూపిస్తుంది. సంకర రకాల విత్తనాలకైతే తల్లిలా పూస్తుందన్న హామీ లేదు. రెండు చోట్ల మాత్రం విత్తనమే నయం. ఒకటి ఎడ్యులిస్, ఏడాదిన్నరలో కాపుకొస్తుంది. రెండోది మేపాప్, కాయ కోసం వేరువేరు మొక్కలు కావాలి కాబట్టి. మేపాప్ విత్తనాన్ని తడి ఇసుకలో కలిపి నెలా రెండు నెలలు ఫ్రిజ్‌లో పెట్టి వేస్తే మొలక మెరుగ్గా ఉంటుంది.

నేలా, కుండీనా?

ఇది మీ ఇష్టం అనుకుంటారు కానీ, సగం నిర్ణయం చలి అప్పటికే చేసేసింది. బయట బతికే రకమైతే నేల. లోపలికి తేవాల్సిన రకమైతే కుండీ, అదీ మీరు ఒక్కరే ఎత్తగలిగే కుండీ. 30 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతుంది. మొదట్లోనే పెద్ద తొట్టిలో పెడితే తీగ ముందు వేర్లతో ఆ చోటు నింపుకునే పనిలో పడుతుంది, పువ్వు సంగతి తర్వాత చూద్దామంటుంది. వేర్లు కాస్త ఇరుకుగా ఉన్న కుండీ తీగలు తొందరగా మొగ్గ తొడగడం చాలామంది తోటవాళ్లు చూసిన సంగతే. కుండీ తీగను గోడకు అల్లించకండి. కుండీలోనే మూడు కర్రలు పాతి వాటి చుట్టూ తిప్పండి. చలికాలం వచ్చినప్పుడు నులితీగలు గోడకు కట్టిన వైర్లకు చుట్టుకుని ఉంటే ఒక్కొక్కటే విప్పుతూ కూర్చోవాలి. నేను కూర్చున్నాను కాబట్టి చెప్తున్నా.

పూయనంటోంది, ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. ఈ తీగలు పూసేది కొత్త చిగురు మీద, ఆకు కాండాన్ని తాకే కణుపు దగ్గర. మామూలుగా కణుపుకు ఒక పువ్వు, ఆ పువ్వుకు ఒక్క రోజు ఆయుష్షు. అంటే రోజూ పూలు కావాలంటే తీగ రోజూ పెరుగుతూ ఉండాలి. పెరుగుదల ఆగితే పూలు ఆగుతాయి. కారణాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

మొదటిది కత్తెర. తీగ చిందరవందరగా ఉందని వేసవి మధ్యలో చివర్లన్నీ కత్తిరిస్తారు. ఆ చివర్లలోనే రాబోయే మూడు వారాల మొగ్గలున్నాయి. గట్టి కత్తిరింపు చలికాలం చివర్లో, చిగురు పుట్టబోయే ముందు చేయాలి. మధ్యలో అడ్డొచ్చిన ఒకటి రెండు తీగల్ని పక్కకు తిప్పి కట్టండి చాలు.

రెండోది నత్రజని. పశువుల ఎరువు, యూరియా దండిగా పడితే తీగ ఏనుగులా పెరుగుతుంది, ఆకులు పళ్లేలంత అవుతాయి, పువ్వు మాత్రం ఉండదు. పచ్చిక పక్కన నాటిన తీగకు పచ్చికకు వేసే ఎరువే చేరుతుంటుంది, ఇది చాలామందికి తట్టదు. చిగురు పట్టేదాకా కొద్దిగా కంపోస్టు, మొగ్గల కాలంలో రెండు వారాలకోసారి పొటాష్ ఎక్కువున్న ద్రవ ఎరువు, టమాటా మొక్కలకు వాడే లాంటిది. అంతకన్నా వద్దు.

మూడోది ఎండ. రోజుకు ఆరు గంటల నేరుటెండ లేకపోతే మిగతావన్నీ ఎంత సరిగ్గా చేసినా పూలు అంతంతమాత్రమే. మండుటెండల ప్రాంతాల్లో మధ్యాహ్నం తర్వాత కాస్త నీడ మేలు చేస్తుంది. ఎడ్యులిస్ ఊదా రకం మరీ వేడిలో పూత తగ్గిస్తుంది. అదే ఎడ్యులిస్ పగటి పొడుగు తగ్గే కాలంలో కూడా పూయడం మానేస్తుంది. చలికాలంలో పూయలేదని ఎరువు కుమ్మరించకండి, అది పగటి వెలుగు గడియలు లెక్కపెట్టుకుంటోంది.

మొగ్గలు వచ్చి రాలిపోతే అది వేరే జబ్బు. సాధారణంగా కుండీ ఒక రోజు పూర్తిగా ఎండిపోయి ఉంటుంది, లేదా మొగ్గలతో ఉన్న కుండీని చోటు మార్చి ఉంటారు. మొగ్గ దశలో కుండీని కదపకండి. ఇక నాలుగో కారణం కారణమే కాదు. నిరుడు చలికి నేలమట్టమైన తీగ, మళ్లీ పొడవు పెరిగి పూతకొచ్చేసరికి వేసవి సగం దాటుతుంది. అలాంటిదానికి ఎరువు కాదు, ఈ ఏడు చలికాలంలో దుప్పటి కావాలి.

గొంగళిపురుగుల మాట చెప్పకుండా వెళ్లలేను. కొన్ని సీతాకోకచిలుకలు ఈ తీగల మీదే గుడ్లు పెడతాయి, అమెరికా ఖండాల్లో హెలికోనియస్ అనే సీతాకోకచిలుకలకు ఇదే ఇల్లు. కొన్ని పాసిఫ్లోరాలు తమ ఆకుల మీద గుడ్లలా కనిపించే పసుపు చుక్కలు పెంచుకుని, ఇక్కడ అప్పటికే ఎవరో ఉన్నారని సీతాకోకచిలుకను మోసం చేస్తాయి. ముదిరిన తీగకు ఆకులు పోయినా కోలుకుంటుంది, నేనైతే ఏరేయను. చిన్న కటింగు మీద పడితే మాత్రం ఏరి పెద్ద తీగ మీద వేయండి.

చలికాలం దాటించే దారులు

నేలలోని సెరూలియాకు: చలి ముందు కత్తిరించకండి. ఆ చిందరవందర తీగే లోపలి కాండానికి దుప్పటి. మొదలు చుట్టూ జానెడు మందాన ఎండుటాకులో గడ్డో పరిచి, అది కాండానికి అంటకుండా చూడండి, అంటితే కుళ్లు. చలి గట్టిపడ్డ రాత్రుల్లో మొదటి మీటరు ఎత్తుకు గోనె చుట్టండి. ప్లాస్టిక్ వద్దు, పగలు లోపల ఆవిరి పట్టి రాత్రి గడ్డకడుతుంది. మేపాప్‌కు పైతీగ ఎండాక కోసేసి, వేరు మీద ఆకులు మందంగా పోస్తే పని అయిపోయింది. ఆ చోట గుర్తుగా ఒక కర్ర పాతండి. వసంతంలో వేరేదేదో నాటుదామని అక్కడే తవ్వేస్తాం.

కుండీలకు రెండు దారులు. చల్లని గదిలో నిద్రపుచ్చడం ఒకటి, వెలుతురున్న గదిలో మెలకువగా ఉంచడం రెండోది. నిద్రపుచ్చడానికి 5 నుంచి 10 డిగ్రీలుండే చోటు కావాలి: గ్యారేజీ, మెట్ల కింది గది, వేడి పెట్టని వరండా. కాస్తయినా వెలుతురుంటే మంచిది. తీగను అడుగు, అడుగున్నరకు కత్తిరించి, ఎరువు ఆపేసి, మట్టి పూర్తిగా ఎండిపోకుండా రెండు మూడు వారాలకోసారి గ్లాసుడు నీళ్లు. ఆకులు పసుపెక్కి రాలతాయి, కంగారు పడొద్దు. సెరూలియా, బెలోటీ, అమెథిస్ట్‌లకు ఈ పద్ధతి బాగా కుదురుతుంది. ఇక్కడ మొక్కను చంపేది దాదాపు ఎప్పుడూ నీళ్లే. ఆకుల్లేని తీగ నీళ్లు తాగదు. పాపం ఎండిపోతోందని పోసిన నీళ్లన్నీ వేరు దగ్గరే నిలుస్తాయి.

ఎర్ర పూల రకాలకు, క్వాడ్రాంగులారిస్‌కు ఆ చల్లని నిద్ర పనికిరాదు. వాటికి 15 డిగ్రీల పైన, ఎండ పడే కిటికీ కావాలి. ఈ దారిలో శత్రువు చలి కాదు, హీటర్ గాలి. పొడి గాలికి ఎర్రనల్లి వస్తుంది, ఆకు వెనక సన్నని సాలెగూడు లాంటి పోగులు, పైన పిన్నుతో పొడిచినట్టు చుక్కలు. పిండినల్లి కణుపుల్లో దూదిలా చేరుతుంది. లోపలికి తెచ్చే ముందే ఆకుల వెనకవైపు నీళ్లతో గట్టిగా కడిగి, వారంపాటు మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి. తర్వాత కూడా పది రోజులకోసారి కడగడమే మందు. రాత్రులు 10 డిగ్రీలకు దిగకముందే తెచ్చేయాలి. ఒక్కసారి దెబ్బతిన్నాక తెస్తే లోపల కోలుకోవడం కష్టం.

చోటు లేనివాళ్లకు మూడో దారి, నాకన్నిటికన్నా ఇష్టమైనది. పెద్ద మొక్కను వదిలేయండి. వేసవి చివర్లో నాలుగు కటింగులు తీసి, వేరు పడ్డాక చిన్న కుండీల్లో కిటికీ గట్టు మీద దాటించండి. రెండు చచ్చినా రెండు మిగులుతాయి. వచ్చే ఏడు అవే పూస్తాయి. చలి ఒప్పుకునే రకమైనా సరే ఈ బీమా కట్టుకోండి.

వసంతంలో తొందర వద్దు. లోపలి మొక్కను ఒకేసారి నేరుటెండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి. పది రోజులపాటు పొద్దుటి ఎండలో గంటా రెండు గంటలు పెడుతూ అలవాటు చేయండి. బయటి తీగ చచ్చిందో బతికిందో తెలియకపోతే గోటితో బెరడు గీకి చూడండి. పచ్చగా ఉంటే అక్కడిదాకా బతికే ఉంది, దాని పైభాగం కోసేయండి. ఎక్కడ గీకినా గోధుమ రంగే కనిపిస్తే నేలమట్టానికి కోసి వేరుకు సమయం ఇవ్వండి. మేపాప్ అయితే మరీ బద్ధకస్తురాలు. తోటలో ప్రతి మొక్కా చిగురించి, పక్కింటి గులాబీ పూసి, మీరు ఆశ వదులుకుని ఆ కర్ర పీకేసే రోజు దాకా లేవదు. కర్ర ఇంకో నెల ఉండనివ్వండి.